మోనికా కన్నీరు: మనము చదువని సగము

మన సంఘములలో తల్లులను గూర్చి ప్రసంగము చేయవలసి వచ్చినప్పుడు హన్నా, లోయి, యునీకేల తరువాత, బైబిలుకు వెలుపలనుండి తరచుగా వినబడు పేరు మోనికా. ఆమె కుమారుడైన అగస్టీను త్రోవ తప్పెను. ఆమె యేండ్ల తరబడి యేడ్చి ప్రార్థించెను. అతడు మారుమనస్సు పొంది బిషప్పు ఆయెను. ప్రసంగము ఇంతటితో ముగియును. తల్లులారా, మీరును ఆలాగే యేడ్వుడని చివర ఒక హెచ్చరిక.

చదువరీ, ఈ కథ అబద్ధము కాదు, అయితే సగము మాత్రమే. సగము కథ కొన్నిసార్లు గాయము చేయును. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగమునకు పోయి ఆరాధన మానివేసిన తల్లి, కుమార్తె గుడి ముఖము చూడని తల్లి ఈ ప్రసంగము విని, నా కన్నీరు చాలలేదు కాబోలునని తల వంచుకొని యింటికి పోవును. కావున కథకు మూలమైన గ్రంథమునే తెరచి చూతము.

అగస్టీను 397వ సంవత్సర ప్రాంతమున లతీను భాషలో వ్రాయ మొదలిడిన 'ఒప్పుకోలు' 13 భాగముల గ్రంథము. మొదటి 9 భాగములలో తన జీవితమును దేవునితో చెప్పుకొనుచు ప్రార్థనగా వ్రాసెను. అది తల్లిని పొగడుటకు వ్రాసినది కాదు. తన్ను వెదకి పట్టుకొనిన దేవుని స్తుతించుటకు వ్రాసినది. అందుచేతనే తల్లి లోపములను అతడు కప్పిపుచ్చలేదు. మన భూస్థాపన కూడికలలో చదువు జీవిత చరిత్రలకు లేని గుణము ఇదే.

మోనికా ఇప్పటి అల్జీరియా దేశములో నున్న థగస్తె అను చిన్న పట్టణమున కాపురముండెను. భర్త పత్రీషియసు ముక్కోపి. బహుకాలము అన్యుడుగా నుండి, మరణమునకు కొంచెము ముందు విశ్వాసియై బాప్తిస్మము పొందెను. 354లో పుట్టిన అగస్టీను చదువుకొరకు కార్తేజికి పోయి, వెలుగు చీకటి అను రెండు శక్తులను బోధించు మానీ మతములో చేరి, దాదాపు 9 ఏండ్లు అందులో నుండెను. తల్లి అతనిని కొంతకాలము తన భోజనపు బల్లయొద్దకు రానీయలేదు. తరువాత ఆమెకొక కల వచ్చెను. తాను ఒక కొయ్య కొలబద్దమీద నిలిచియుండగా, కుమారుడును దానిమీదనే తన ప్రక్కను నిలిచియున్నట్లు చూచెను. ఆ కల తరువాత అతనిని మరల బల్లయొద్దకు రానిచ్చెను. అతడు మారినందున కాదు; నిరీక్షణ పుట్టినందున. ఈ మాట గుర్తుంచుకొనుడి.

మన ప్రసంగములలో ఎక్కువగా వినబడునది ఒక బిషప్పు పలికిన మాట. ఇంత కన్నీటి కుమారుడు నశింపడని ఆయన చెప్పినట్లు మనమెల్లరమెరుగుదుము. అయితే ఆయన ఏ సందర్భమున చెప్పెనో చూడుడి. నా కుమారునితో మాటలాడుమని ఆమె బతిమాలగా ఆయన ఒప్పుకొనలేదు. అతడు ఇప్పుడు వినడు, విడిచిపెట్టి ప్రార్థన మాత్రము చేయుమనెను. ఆమె యేడ్చుచు మరల మరల అడుగగా, కొంత విసుగుతో ఆ మాట చెప్పి పంపివేసెను. ఆ విసుగును అగస్టీను దాచలేదు. అది తల్లికి పరలోకమునుండి వచ్చిన మాటవలె వినబడెననియు వ్రాసెను. అది ఒక దుఃఖితురాలికి దొరకిన ఆదరణ. దానిని తల్లులందరికిని కట్టుబాటుగా చేసినవారము మనమే.

ఇక గ్రంథమునకు ఆయువుపట్టు 5వ భాగములో నున్నది. 383లో అగస్టీను రోమా నగరమునకు పోదలచెను. తల్లి సముద్రతీరమువరకు వచ్చి అతనిని పట్టుకొనెను. అతడు స్నేహితుని సాగనంపవలెనని అబద్ధమాడి, ఆమెను సమీపమున నున్న కుప్రియాను స్మారకమందిరములో ఆ రాత్రి యుండునట్లు చేసి, ఓడ ఎక్కి పోయెను. ఆమె ఆ రాత్రి దేనికొరకు ప్రార్థించెను? కుమారుడు పోకుండ చేయుమని. దేవుడు ఆ మనవిని వినలేదు. ఎందుకనగా, ఆమె ఎల్లప్పుడును చేయుచున్న పెద్ద మనవిని నెరవేర్చుటకు ఆ రాత్రి చేసిన చిన్న మనవిని త్రోసివేసెనని అగస్టీను గ్రహించెను. రోమానుండి మిలానుకు పోయినందుననే గదా అతడు అంబ్రోసు ప్రసంగములు వినెను! అంతటితో ఊరకుండక, కుమారుని తన యొద్ద నుంచుకొనవలెనను ఆమె ఆశ శరీరసంబంధమైనదనియు, ఆ దుఃఖము దానికి శిక్షయైనదనియు వ్రాసెను. కొడుకు తల్లిని గూర్చి వ్రాయుటకు ఇది కఠినమైన మాట. అబద్ధమాడినది తానే యని కూడ ఒప్పుకొనెను గనుక సహింపగలము.

తరువాత ఆమె సముద్రము దాటి మిలానుకు వచ్చెను. మానీ మతమును విడిచితినిగాని ఇంకను క్రైస్తవుడను కానని అతడు చెప్పగా, ఆమె సంతోషముతో గంతులు వేయలేదు. నేను చనిపోకముందే నిన్ను విశ్వాసిగా చూతునని నెమ్మదిగా పలికెను. కార్తేజి తీరమున కేకలు వేసి యేడ్చిన స్త్రీయేనా ఈమె? ఇక్కడనే మన ప్రసంగములు విడిచిన సగమున్నది. కుమారుడు మారుటకు ముందే తల్లి మారుచుండెను.

ఆమె మార్పు సంపూర్ణమని చెప్పజాలము. కుమారునితో అనేక సంవత్సరములు కాపురము చేసి బిడ్డను కనిన స్త్రీని పంపివేసి, అతనికి గొప్పింటి సంబంధము చూచుటలో మోనికా ముందుండెను. ఆ వివాహమును గూర్చి దర్శనమిమ్మని ప్రార్థించినను దేవుడు ఏమియు చూపలేదు. పంపివేయబడిన స్త్రీ కుమారుని విడిచి ఆఫ్రికాకు తిరిగి పోయెను. ఆమెయు ఒక తల్లియే. అగస్టీను ఆమె పేరైనను వ్రాయలేదు. కొద్ది వాక్యములతో సరిపెట్టెను. గ్రంథములో నాకు కనబడు పెద్ద కొరత ఇది. తల్లి కన్నీటికి ఇంత చోటిచ్చినవాడు ఆమె కన్నీటిని లెక్కింపకపోయెను.

386లో అగస్టీను మారెను. 387 ఈస్టరు పండుగకు అంబ్రోసుచేత బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే స్వదేశమునకు పోవు దారిలో, ఓస్తియా రేవున మోనికాకు జ్వరము వచ్చెను. భర్త ప్రక్కనే సమాధి కావలెనని ఎంతో కోరి స్థలము సిద్ధపరచుకొనిన స్త్రీ, ఈ దేహమును ఎక్కడనైనను పెట్టుడనెను. కుమారునిమీది పట్టును విడుచుట నేర్చుకొనిన చేయి, చివరకు తన సమాధిని కూడ విడిచెను. 56వ యేట మరణించెను.

9వ భాగము చివర అగస్టీను తల్లి పాపములు క్షమింపుమని ప్రార్థించెను. మృతులకొరకు చేయు ప్రార్థన మన సంఘముల బోధకు సరిపడదు. అయినను ఒక సంగతి గమనింపుడి: అంత యేడ్చిన తల్లికి కూడ అతడు చూపిన ఆధారము ఆమె కన్నీరు కాదు, సిలువమీద మనకొరకు వ్రేలాడిన ప్రభువే.

తల్లీ, కన్నీరు దేవునికి చెల్లించు వెల కాదు. నీ బిడ్డ ఇంకను తిరిగి రాలేదనిన, నీవు తక్కువ యేడ్చితివని అర్థము కాదు. అతడు పండుగకు వచ్చినప్పుడు కంచము పెట్టుము, దెప్పిపొడువకుము. అతని పేరు దేవునియొద్ద చెప్పుట మానకుము. అతని ఓడ ఏ రేవు చేరవలెనో నిర్ణయించువాడు దేవుడు. ఆయన ఈ రాత్రి నీ చిన్న మనవిని త్రోసివేసినను, పెద్ద మనవిని మరచెనని తలంపకుము.