అడవిని పంచిపెట్టినవాడి కథ

"వనవాసి" గురించి ఎవరు మాట్లాడినా అడవి వెన్నెల దగ్గరే మొదలుపెడతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చదివాను. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1930ల చివర బెంగాలీలో రాసిన "ఆరణ్యక్"ను సూరంపూడి సీతారాంగారు ఎంత హాయైన తెలుగులో పెట్టారంటే, అనువాదమన్న సంగతే గుర్తుకు రాదు.

జార్జియాలోని ఈ కమ్మింగ్ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాక మళ్ళీ చదివితే మాత్రం నాకు వేరే నవల కనిపించింది. కథ చెప్పే సత్యచరణ్ అసలు ఎస్టేటు మేనేజరు. అడవిని ముక్కలు చేసి రైతులకిచ్చి, జమీందారుకు ఆదాయం చూపించడం అతని ఉద్యోగం. ప్రేమించిందీ అతనే, నరికించిందీ అతనే. 1920లలో భాగల్పూర్ వైపు ఎస్టేటులో పనిచేసిన రచయిత ఈ తప్పును ఇంకెవరి మీదికీ తోసెయ్యలేదు. నవల బలమంతా అక్కడుంది.

పైగా ఆ భూమి అవసరమైనవాళ్ళు కడుపునిండా అన్నం దొరికితే పండగ చేసుకునే మనుషులు. ఆ చిక్కుముడిని ఆయన విప్పినట్టు నటించడు. భానుమతిని, ఆమె గిరిజన కుటుంబాన్ని చూసేటప్పుడు సత్యచరణ్ చూపులో కాస్త బాబుగారి మురిపెం ఉంటుంది. అది నాకిప్పటికీ ఇబ్బందే.

మా వెనక పైన్ చెట్లు కొట్టేసి ఇంకో వరస ఇళ్ళు కడుతుంటే నాకు కోపమొచ్చింది. మా ఇల్లూ చెట్లు కొట్టిన చోటే ఉందని గుర్తుచేసింది సత్యచరణే! 2007 కరువులో, మా నీళ్ళకు ఆధారమైన లేక్ లేనియర్ సుమారు 20 అడుగులు దిగిపోయి, పచ్చికకు నీళ్ళు పెట్టడం నిషేధించారు. అది కళ్ళారా చూసి కూడా, తర్వాత ఇల్లు కొనగానే నేను పెట్టించింది స్ప్రింక్లర్లే.

మరేం చెయ్యాలి? నవలలో యుగళప్రసాద్ ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి, తనది కాని అడవిలో, సరస్వతీ కుండి ఒడ్డున నాటుతుంటాడు. పైసా లాభం లేదు. ఆ చోటు ఎన్నాళ్ళుంటుందో కూడా తెలియదు.

అతన్ని చూసి నేను చేసింది చిన్నదే. పెరట్లో సగం పచ్చిక తీసేసి, ఈ నేలకు అలవాటైన మిల్క్‌వీడ్, కోన్‌ఫ్లవర్ వేశాం. చూరు నీళ్ళు పీపాలో పడుతున్నాం. అటువైపు స్ప్రింక్లర్లు ఆపేశాను. దీంతో పోయిన పైన్ చెట్లు తిరిగిరావని నాకు తెలుసు.

మీరు ఈసారి "వనవాసి" తీసినప్పుడు, వెన్నెల పేజీలు దాటి, భూములు పంచే పేజీల దగ్గర కాసేపు ఆగండి.