పురిటికి ముందే అయిపోయిన పని

నానక్‌రామ్‌గూడలో మా అపార్ట్‌మెంట్ పద్నాలుగో అంతస్తులో ఈ ఏప్రిల్‌లో ఒక పురిటి గది చూశాను. నాలుగడుగుల పంజరం, అడుగున మెత్తటి గుడ్డ, మూలన బోర్లించిన అట్టపెట్టె. పక్కనే వంటింటి కాటా, ఒక గళ్ల నోటుపుస్తకం. బాలింత గినీపిగ్. పిల్లలు మూడు, పుట్టి ఆరు గంటలయిందట. కళ్లు తెరవని ఎర్రటి ఎలుకపిల్లల్లాంటివి కనిపిస్తాయనుకుని వంగి చూస్తే, అట్టపెట్టెలోంచి ఒకటి పరుగెత్తుకొచ్చింది. ఒళ్లంతా బొచ్చు, విప్పారిన కళ్లు, నోట్లో పళ్లు! పై పళ్లు ముందొస్తేనే మేనమామకు గండమని భయపడే ఇళ్లు మనవి. వీటి మేనమామల సంగతి దేవుడెరుగు.

ఎలుక మూడు వారాలకే ఈనేస్తుంది. గినీపిగ్ 59 నుంచి 72 రోజులు మోస్తుంది. పిల్లకు బొచ్చు రావడం, కళ్లు విచ్చుకోవడం, పాలపళ్లు ఊడి అసలు పళ్లు మొలవడం అన్నీ కడుపులోనే అయిపోతాయి. దీని పూర్వీకులు దక్షిణ అమెరికా గడ్డిబీళ్లలో బతికినవి. బొరియ తవ్వడం, గూడు కట్టడం తెలియని జంతువు బిడ్డను ఎక్కడ దాస్తుంది? అందుకే పరుగెత్తగలిగే బిడ్డనే కంటుంది.

ఆ పనితనం తల్లికి చవగ్గా రాలేదు. కిలో కూడా తూగని ఒంట్లో, దాదాపు 90 గ్రాముల పిల్లలు రెండు, ఇంకాస్త చిన్నది ఒకటి. అవి బయటికి రావాలంటే కటి ఎముకల ముందరి అతుకు విడివడాలి. కాన్పు దగ్గరపడ్డాక అక్కడ వేలు పట్టేంత సందు చేతికి తగులుతుంది. ఆ అతుకును సడలించే పదార్థం ఒకటుందని ఫ్రెడరిక్ హైసా 1926లో కనిపెట్టింది కూడా గినీపిగ్‌ల మీదే. రిలాక్సిన్ అన్న పేరు తర్వాత వచ్చింది. ఆరేడు నెలల వయసులోపు తొలి కాన్పు కాకపోతే ఆ అతుకు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత చూలు కడితే చాలాసార్లు ఆపరేషనే దిక్కు.

ఈ ఇంటావిడ కావాలని కట్టించిన చూలు కాదిది. అమ్మినవాళ్లు రెండూ ఆడవేనన్నారు. తల్లి పొట్ట పెరుగుతుండగానే ఆవిడకు అనుమానం వచ్చింది. కాన్పుకు ముందే మగదాన్ని వేరే పంజరంలోకి మార్చేసింది. ఈనిన కొన్ని గంటల్లోనే ఈ జంతువు మళ్లీ చూలు కట్టగలదు మరి. నాకు నచ్చింది అదే. ఆవిడ చేయాల్సిన పనిలో సగం పురిటికి ముందే అయిపోయింది.

తిండి కూడా అంతే. మనలాగే గినీపిగ్ ఒంట్లో విటమిన్ సి తయారు కాదు. 1907లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ వీటికి ఒట్టి ధాన్యం పెట్టి చూస్తే, ఓడ నావికులకొచ్చే స్కర్వీ వచ్చింది. మామూలు రోజుల్లో కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు సరిపోతే, చూలుతో ఉన్నప్పుడు 30 దాకా కావాలి. నీళ్లలో చుక్కలు వేస్తే వెలుతురుకు ఆ విటమిన్ చెడిపోతుంది. ఆవిడ క్యాప్సికం, కొత్తిమీర పెడుతుంది. గడ్డి మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే. ఈ ఊరికి గినీపిగ్ కొత్తేమీ కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వీటిని పెంచి పరిశోధనశాలలకు అందించేది.

చూడ్డానికి వచ్చిన మా అమ్మ ఊరుకుంటుందా! “బాలింతకు ఇన్ని పచ్చి ఆకులేమిటమ్మా?” అంది.

“దీనికి పథ్యం పనికిరాదు ఆంటీ. ఒక పూట తినడం మానేసినా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే” అందావిడ.

లంఖణం పరమౌషధమన్న మాట ఈ పంజరం దగ్గర చెల్లదు. నెలలు నిండినప్పుడూ ఈనిన తొలి రోజుల్లోనూ తిండి తగ్గితే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో విషమవుతుంది.

ఇక నోటుపుస్తకం. రోజూ పొద్దున ఒకే వేళకు తూకం. మూడో రోజుకు చిన్నదాని వరుసలో 71, 69, 69 అని ఉంది. మొదటి రోజు కాస్త తగ్గడం మామూలే, పెరగకుండా అక్కడే ఆగిపోవడం బాగాలేదు. తల్లికి ఉన్నవి రెండే చన్నులు, పిల్లలు మూడు. ఆవిడ సీసా పట్టలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని భయం. పెద్దవాటిని రెండింటినీ బుట్టలోకి తీసి, పదిహేను నిమిషాలు చిన్నదాన్ని ఒక్కదాన్నే తల్లి దగ్గర ఉంచింది. రోజుకు నాలుగుసార్లు. అంతకు మించి ఏమీ చేయలేదు. చేయకుండా ఉండడం ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇరవై ఒకటో రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. మగపిల్లలుంటే ఆ రోజు తల్లి నుంచీ చెల్లెళ్ల నుంచీ విడదీయాలి, అప్పటికే అవి ఈడేరడం మొదలవుతుంది. ఎండ 40 దాటే ఊరు, గోడలంతా అద్దాలు. 30 డిగ్రీలకే వీటికి వడదెబ్బ భయం కనుక ఏసీ 24 మీద ఉంది. కరెంటు పోతే తువ్వాలు చుట్టి పంజరానికి ఆనించడానికి, ఐసు సీసాలు ఫ్రీజర్‌లో సిద్ధం.

అయిదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తోంది. ఫ్రిజ్ తలుపు చప్పుడుకు తల్లి కీచుమని కూత పెట్టింది, వెనకే పిల్లలూ అందుకున్నాయి. ఆవిడ మైకు మ్యూట్ చేసి, చిన్నదాన్ని అరచేతిలో అడుగు నుంచి ఎత్తి కాటా మీద పెట్టింది. 74. నోటుపుస్తకంలో రాసుకుని, కొత్తిమీర తుంచసాగింది.