సోల్ పాట: గొంతు ఎవరిది, పేరు ఎవరిది?

అమెరికాలో నల్లజాతి ప్రజలు సృష్టించిన సంగీతంలో ఒక పాయకు 'సోల్' అని పేరు. మాటకు మాట తెలుగు చేస్తే 'ఆత్మ'. ఈ పేరు ఆ సంగీతానికి ఎంత గౌరవం తెచ్చిందో, దాని మీద వచ్చిన విమర్శకు అంత చేటు చేసింది. అరెథా ఫ్రాంక్లిన్ పాడితే ఆత్మే పలికిందన్నారు. దేవుడిచ్చిన గొంతు అన్నారు. జాతి రక్తంలోనే ఆ లయ ఉందన్నారు. మన దగ్గర 'సరస్వతీ కటాక్షం' అన్న మాట చేసే పనే అక్కడ ఈ మాటలు చేశాయి. కటాక్షమైతే అందులో నేర్చుకున్నదీ ఉండదు, చేసిందీ ఉండదు. కాబట్టి కూలి అడగవలసిందీ ఉండదు. మెచ్చుకోలు వేషంలో వచ్చే దోపిడీ సమర్థన ఇది.

సోల్, ఫంక్ సంగీతాల్లో నల్లజాతి స్త్రీల గానాన్ని శ్రమగా, రచనగా చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. కాగితం మీద పదాలు, బాణీ రాసినవాడిని మాత్రమే చట్టం కర్తగా గుర్తించింది. ఆ గుర్తింపు చుట్టూ కంపెనీలు వ్యాపారం కట్టుకున్నాయి. పాటలో మాటలను మాత్రమే లెక్కపెట్టే విమర్శ, తెలిసో తెలియకో, ఆ కంపెనీల పక్షానే నిలబడింది. అభ్యుదయ విమర్శకు ఇందులో మినహాయింపు లేదు.

1

చర్చిలో పాడే గాస్పెల్‌కూ, బయట నృత్యశాలల్లో వినిపించే రిథమ్ అండ్ బ్లూస్‌కూ మధ్య ఉన్న గోడ 1950ల మధ్యకాలం నుంచి కూలుతూ వచ్చింది. సోల్ అక్కడ పుట్టింది. దేవుడిని పిలిచిన పద్ధతిలోనే మనిషిని పిలవడం దాని లక్షణం. ఒక్క అక్షరాన్ని పట్టుకుని అనేక స్వరాల మీదుగా నడిపించడం, సరిగ్గా ఎక్కడ కేక వేయాలో ఎక్కడ ఆగాలో తెలియడం, ప్రధాన గొంతు ఒక మాట విసిరితే బృందం వంత అందుకోవడం - వీటన్నిటికీ చర్చిలో ఏళ్ల తరబడి శిక్షణ ఉంది. బుర్రకథ విన్నవాళ్లకు వంత శక్తి ఏమిటో చెప్పనక్కరలేదు. వంత అంటే తిరిగి పలకడమొక్కటే కాదు. అది ప్రశ్నిస్తుంది, ఎగదోస్తుంది, కథను మలుపు తిప్పుతుంది.

1942లో మెంఫిస్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగిన అరెథా ఈ బడిలోనే చదువుకుంది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరుమోసిన బోధకుడు. మహాలియా జాక్సన్, క్లారా వార్డ్ వంటి గాస్పెల్ గాయనులు ఆ ఇంటికి వచ్చిపోయేవారు. పద్నాలుగేళ్ల వయసుకే తండ్రి చర్చిలో ఆమె పాడిన పాటలు రికార్డుగా వచ్చాయి. తర్వాత కొలంబియా కంపెనీలో ఆరేళ్లపాటు పాడినా ఆమె శక్తికి తగిన రూపం దొరకలేదు. 1967లో అట్లాంటిక్ కంపెనీలో తొలి రికార్డు రాగానే, ఆమె 'సహజత్వం' బయటపడిందని రాశారు.

బయటపడింది సహజత్వం కాదు, ఆమె పనితనం. ఆమె పియానో ముందు కూర్చుంది. వాయిద్యగాళ్లు తన పియానోను అనుసరించేలా పాట నడకను తానే కట్టింది. చెల్లెలు కారొలిన్‌తో కలిసి వంతను తయారుచేసింది. ఆ ఏడాది జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఆమెకు వాయిద్య సహకారం ఇచ్చింది ఎక్కువగా తెల్లజాతి యువకులు. లయ రక్తంలో ఉంటుందన్న సిద్ధాంతం ఈ ఒక్క వాస్తవం ముందే నిలవదు. నల్లజాతి సంగీతాన్ని విని, సాధన చేసి వాళ్లు నేర్చుకున్నారు. ఆమె కూడా నేర్చుకుంది, వాళ్లకన్నా ముందు, వాళ్లకన్నా లోతుగా.

2

'రెస్పెక్ట్' పాట ఈ చర్చకు కీలకం. ఓటిస్ రెడింగ్ రాసి 1965లో పాడాడు. బయట కష్టపడి డబ్బు తెచ్చే మగవాడు ఇంటికి వచ్చాక ఆడదాని దగ్గర మర్యాద కోరడం అందులోని వస్తువు. 1967 ఫిబ్రవరి 14న అరెథా న్యూయార్క్‌లో ఇదే పాట పాడింది. జూన్‌కల్లా అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ఆమె మార్చింది ఏమిటి? మగవాడి కోరికను ఆడదాని డిమాండుగా తిప్పింది. డబ్బు ఎరగా చూపించే మగవాడి స్థానంలో, తన దగ్గరా డబ్బుందని చెప్పే స్త్రీ నిలబడింది. రెడింగ్ పాటలో లేని మధ్య భాగాన్ని చేర్చారు. వాయిద్యాలన్నీ తటాలున ఆగి, ఆ ఇంగ్లీషు మాటను ఒక్కొక్క అక్షరంగా పలికే ఘట్టం కూడా రెడింగ్ పాటలో లేదు. బడిపిల్లలకు గుణింతం నేర్పినట్టు, లోకానికి ఆ మాట రాదు కాబట్టి అక్షరాలతో మొదలుపెట్టి నేర్పుతున్నట్టు ఉంటుందది. వెనుక కారొలిన్, ఎర్మా - అక్కచెల్లెళ్లిద్దరి వంత. ఒంటరి ఇల్లాలి గొంతు ఆ వంత వల్ల సమూహం గొంతయింది. అందుకే పౌరహక్కుల ఉద్యమమూ, స్త్రీల ఉద్యమమూ ఆ పాటను తమదిగా చేసుకున్నాయి.

ఇంత జరిగినా రచయితగా నమోదైన పేరు రెడింగ్ ఒక్కడిదే. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేసినప్పుడు రచయితకూ ప్రచురణ సంస్థకూ సొమ్ము వెళుతుంది. పాడినవాళ్లకు వెళ్లదు. ఆ పాట అరెథా గొంతుతో రేడియోలో ఎన్నిసార్లు మోగినా అందుకుగాను ఆమెకు పైసా రాలేదు. ఉపగ్రహ, ఇంటర్నెట్ ప్రసారాలలో పాడినవాళ్లకు హక్కు కల్పించినప్పుడు కూడా 1972కు ముందటి రికార్డులను ఫెడరల్ చట్టం బయటే ఉంచింది. ఆ లోటు సవరించిన చట్టం మీద 2018 అక్టోబరులో సంతకం జరిగింది. అరెథా ఆ ఆగస్టు 16నే చనిపోయింది.

ఇది రెడింగ్ చేసిన అన్యాయం కాదు. అతనూ 1967 డిసెంబరులో, ఇరవయ్యారేళ్లకే, విమాన ప్రమాదంలో మరణించిన నల్లజాతి కళాకారుడు. తప్పు ఆస్తి సంబంధాలలో ఉంది. పాటను కాగితం మీద ఉన్న ఆస్తిగా నిర్వచించిన చట్టానికి, గొంతుతో చేసే రచన కనిపించదు.

3

సోల్‌కు పక్కనే మరో నమూనా డెట్రాయిట్‌లోని మోటౌన్. 1959లో ఎనిమిది వందల డాలర్ల కుటుంబ అప్పుతో బెర్రీ గోర్డీ ఈ సంస్థ పెట్టాడు. అంతకు ముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అసెంబ్లీ లైను మీద కారు తయారైనట్టే పాటనూ గాయకులనూ తయారుచేయాలన్న ఆలోచన అక్కడే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఒక విభాగం పాట రాస్తుంది, ఒక విభాగం వాయిస్తుంది, ఒక విభాగం అమ్మాయిలకు నడక, కూర్చునే తీరు, మాటతీరు నేర్పుతుంది. నల్లజాతివాడి యాజమాన్యంలో ఇంత పెద్ద సంస్థ నిలబడటం చరిత్రలో చిన్న విషయం కాదు. కానీ యజమాని రంగు మారినంత మాత్రాన ఉత్పత్తి సంబంధాలు మారవు.

ఫ్లారెన్స్ బల్లార్డ్ కథ చాలు. ప్రభుత్వ గృహాల్లో పెరిగిన ఈ అమ్మాయి 'సుప్రీమ్స్' బృందాన్ని నిలబెట్టినవారిలో ఒకతె. 1964, 65లలో ఆ బృందం పాటలు వరసగా ఐదు మొదటి స్థానానికి చేరాయి. 1967లో ఆమెను తప్పించారు. బృందం పేరుకు ముందు డయానా రాస్ పేరు చేరింది. తాను స్థాపించిన బృందం పేరు చెప్పుకుని తన కొత్త పాటలను ప్రచారం చేసుకునే వీలు కూడా ఒప్పందం ఆమెకు మిగల్చలేదు. ఇల్లు పోయింది, ప్రభుత్వ సహాయం మీద బతికింది. 1976లో ముప్పై రెండేళ్లకు గుండె ఆగి చనిపోయింది. ఫ్యాక్టరీలో విడిభాగం అరిగితే మార్చడానికీ దీనికీ తేడా ఎంత?

4

1960ల చివర ఫంక్ బలపడింది. ఇందులో రాగం కన్నా లయ ప్రధానం. తాళంలో మొదటి దెబ్బ మీద బరువంతా పడుతుంది. గిటారు, బేస్, బాకాలు అన్నీ డప్పుల్లా పనిచేస్తాయి. గొంతు కూడా డప్పే. ఇటువంటి పాటలో 'అర్థం' పదాల్లో వెతికితే దొరికేది కొంచెమే.

జేమ్స్ బ్రౌన్ బృందంలో పాడిన లిన్ కాలిన్స్ 1972లో 'థింక్' అనే పాట విడుదల చేసింది. బోధకుడు సభను లేపినట్టు స్త్రీలను ఉద్దేశించి పాడుతుంది. రచన, నిర్మాణం బ్రౌన్ పేరు మీదే. తర్వాత రాప్ సంగీతం వచ్చి, పాత రికార్డుల నుంచి ముక్కలు కత్తిరించి కొత్త పాటలు కట్టడం మొదలయ్యాక, ఈ రికార్డులోని కొన్ని క్షణాల ముక్క లెక్కలేనన్ని పాటలకు పునాది అయింది. 1988లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' వాటిలో అందరికీ తెలిసినది. ముక్క వాడుకున్నందుకు డబ్బు వెళ్లవలసింది రికార్డు యజమానికి, రచయితకు. కాలిన్స్ ఆ రెండూ కాదు.

ఈ తర్కం చివరికి ఎక్కడికి పోతుందో సోల్, ఫంక్‌ల వారసత్వంగా వచ్చిన నృత్య సంగీతంలో చూడవచ్చు. 1990లో 'సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ' పేరుతో వచ్చిన పాటలో గొంతు మార్తా వాష్‌ది. వీడియోలో పెదవులు కదిపింది మరో స్త్రీ. లావుగా ఉన్న గాయని సరుకుగా అమ్ముడుపోదని వ్యాపారుల లెక్క. వాష్ కోర్టుకెక్కి పోరాడి తన గొంతుకు తన పేరు రాబట్టుకుంది. ఆత్మ గురించి అంత మాట్లాడిన పరిశ్రమ చివరికి గొంతును శరీరం నుంచి విడదీసి అమ్మింది.

5

ఇక మన పొరపాటు. నీనా సిమోన్‌ను మనం సులభంగా మెచ్చుకుంటాం. 1963 జూన్‌లో మెడ్గర్ ఎవర్స్ హత్య, సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిపై బాంబు దాడిలో నలుగురు బాలికల మరణం - వీటికి జవాబుగా ఆమె 'మిసిసిపీ గాడ్‌డామ్' రాసింది. వస్తువు స్పష్టంగా ఉంది కాబట్టి మన పని తేలిక. కానీ ఆ పాట బలం వస్తువులోనే లేదు. హుషారైన వినోద నాటకపు బాణీలో ఆ ఆగ్రహాన్ని పాడటం వల్ల, నవ్వుతూ కూర్చున్న శ్రోత తన నవ్వుకు తానే సిగ్గుపడతాడు. ఇది రూపం చేసిన పని.

బెట్టీ డేవిస్ దగ్గర మన కొలబద్ద విరిగిపోతుంది. 1973, 74, 75లలో మూడు ఆల్బములు తెచ్చింది. పాటలు తనే రాసింది. రెండో ఆల్బము నుంచి నిర్మాణం కూడా తనే చేసింది. ఇక్కడ పేరూ గొంతూ ఒకరివే. ఆమె స్త్రీ కోరిక గురించి దాపరికం లేకుండా, గరగరలాడే గొంతుతో, బెదిరిస్తున్నట్టు పాడింది. ఇది సంగీతం కాదు అరుపు అన్నారు. నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. కూడా అభ్యంతరం చెప్పింది. రేడియోలు ముఖం చాటేశాయి. ఆ దశకం ముగిసేసరికి ఆమె రంగం నుంచి తప్పుకుంది. ఆమె రికార్డులు 2007 తర్వాత మళ్లీ వెలుగు చూశాయి. 2022లో మరణించింది.

ఎన్.ఎ.ఎ.సి.పి. భయానికి చారిత్రక కారణం ఉంది. నల్లజాతి స్త్రీ స్వభావం చేతనే కామాతురురాలు అన్న అబద్ధంతో బానిస యజమానులు తమ అత్యాచారాలను కప్పిపుచ్చుకున్నారు. ఆ నింద తొలగాలంటే మర్యాదగా కనిపించాలని తర్వాతి తరాలు అనుకున్నాయి. అయితే ఆ మర్యాద భారమంతా స్త్రీ మీదే పడింది. కోరికను గురించి అదే ఫంక్‌లో మగవాళ్లు పాడితే అది ధీమా అయింది, ఆమె పాడితే పరువు పోయింది. తన శరీరం గురించి తానే మాట్లాడే హక్కు బానిసత్వం లాక్కున్న హక్కుల్లో మొదటిది. దాన్ని తిరిగి తీసుకోవడాన్ని అశ్లీలం అని కొట్టిపారేస్తే మనం నిలబడేది ఎవరి పక్కన?

ఈ పాటలన్నీ విప్లవ గీతాలని నేను అనడం లేదు. మార్కెట్టు ధిక్కారాన్ని కూడా సరుకు చేసుకోగలదు, చేసుకుంది కూడా. ఆ సరుకులో ఎవరి శ్రమ, ఎవరి తెలివి దాగి ఉన్నాయో చెప్పకుండా దాన్ని సరుకు అని మాత్రం తేల్చేసి ఊరుకోవడం సగం విమర్శే.

కాబట్టి పాటను విశ్లేషించేటప్పుడు ఏం చెప్పిందన్న ప్రశ్నతో పాటు ఎవరు కట్టారు, ఎవరు వంత పాడారు, పేరు ఎవరికి పోయింది, డబ్బు ఎవరికి పోయింది అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలు డెట్రాయిట్‌కే పరిమితం కావు. మన జానపద గేయ సంకలనాల అట్టల మీద సేకర్తల పేర్లు ఉంటాయి. నాట్లు వేస్తూ ఆ పాటను సాగదీసి, మార్చి, కొత్త చరణం కట్టిన కూలితల్లి పేరు చాలాచోట్ల లోపలి పుటల్లో కూడా ఉండదు. సాహిత్య విద్యార్థులు ఈసారి పాటల కోసం ఊళ్లకు వెళ్లినప్పుడు ముందు ఆమె పేరు అడిగి రాసుకోవాలి.