నిజాం బీరువా, మన పోపులపెట్టె

నయాపూల్ దాటి, సాలార్‌జంగ్ మ్యూజియం మీదుగా దారుల్‌షిఫా వైపు వెళ్తే పురానీ హవేలీ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉన్నది అక్కడే. చూసినవాళ్లంతా దాని పొడవు గురించే చెబుతారు. వంటింటి సొరుగుకి చెక్క అరలు చేయించుకోబోయేవాళ్లు మాత్రం పొడవు వదిలేసి, అది ఎవరి చేతికోసం కట్టిందో చూడాలి. చూసి, ఇంటికొచ్చి అమ్మమ్మగారి చెక్క పోపులపెట్టె పక్కన పెట్టి బేరీజు వేయాలి.

బీరువా బర్మా టేకు. రెండంతస్తులు. పై వరసకి చేరడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు. ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్లీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో గానీ, బీరువా తీరు మాత్రం దానికి తగినట్టే ఉంది. తలుపు తీసేది ఒకరు, తొడుక్కునేది ఇంకొకరు. నడవడం, వెతకడం, లిఫ్టెక్కడం అన్నీ నౌకరు వంతు. వెతికేవాడి శ్రమ లెక్కలోకి రానప్పుడు తలుపులన్నీ ఒకే తీరుగా బారులు తీరినా ఇబ్బంది లేదు.

పోపులపెట్టెలో తీసే చెయ్యీ వాడే చెయ్యీ ఒకటే. నూనె కాగుతోంది, ఆవాలు చిటపటమంటున్నాయి, మినప్పప్పు మాడేలోపు జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పడాలి. వెతుక్కునే వ్యవధి ఎక్కడిది? అందుకే రోజూ కావలసినవే అందులో ఉంటాయి, తక్కినవన్నీ అటక మీద డబ్బాల్లోకి పోతాయి. ఏది లోపల ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చుకోవడంలోనే దాని తెలివంతా ఉంది. లోపమూ లేకపోలేదు. చెక్కలో తొలిచిన గుంటల్ని సరిగ్గా కడగలేం, పసుపు నారలోకి దిగిందంటే ఇక వదలదు. విడిగా తీసి తోముకునే గిన్నెలున్న స్టీలు డబ్బా ముందు అది ఓడిపోయిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు చేయించుకునే సొరుగు అరలు ఎక్కువగా బీరువా దారే పట్టాయి. ఫోన్లో బొమ్మ చూపిస్తారు, మేస్త్రీ సమానమైన గడులు కోసి ఫెవికాల్‌తో బిగించేస్తాడు. అట్లకాడ ఏ గడిలోనూ పట్టదు. నా మట్టుకు నేను గిన్నెల పద్ధతికే ఓటేస్తాను. చుట్టూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చట్రం, అడ్డపలకలు 6 మిల్లీమీటర్లవి. పలకలకి సగం లోతు గాడి కోసి ఒకదానిలో ఒకటి దించాలి, అంటించకూడదు. సామాను మారితే పలక మారుతుంది. మసాలా దినుసులకి స్టీలు గిన్నెలే దించాలి. సొరుగు వెడల్పు ముందొకసారి, వెనకొకసారి కొలవాలి, రెండూ ఒకటే ఉంటాయన్న నమ్మకం లేదు. తక్కువ వచ్చిన కొలతలోంచి ఇంకో 2, 3 మిల్లీమీటర్లు తీసేస్తే ట్రే సులువుగా బయటికొస్తుంది. టేకుతోనే చేయించాలన్న పట్టుదల ఉంటే, అడుగు పలకని నాలుగువైపులా అంటించనివ్వకండి. వానాకాలం ఉబ్బిన చెక్కకి కదిలే చోటుండాలి.

బీరువాని పూర్తిగా కొట్టిపారేయలేను. ఒకదాని మీద ఒకటి పోగెయ్యకుండా, దేని చోటు దానికిచ్చింది. సొరుగులో గరిటె మీద గరిటె పడేసేవాళ్లు నేర్చుకోవలసింది అదే. కానీ వాడకం కంటే వైభవం మీద దృష్టి పెట్టిన కాలం అది. అదే ఆవరణలోని నిజాం మ్యూజియంలో వజ్రాలు పొదిగిన మూడంతస్తుల బంగారు టిఫిన్ డబ్బా ఉంది. 2018లో దాన్ని దొంగలెత్తుకుపోయారు, కొద్దిరోజుల్లోనే దొరికింది. దొంగల్లో ఒకడు అందులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు. డబ్బాని డబ్బాలా చూసినవాడు అతనొక్కడేనేమో!

అడ్డపలకల ఎత్తు సొరుగు లోతులో సగం దాటకుండా చూసుకోండి, వేళ్లు దూరాలి కదా. నిండుగా పెడితేనే అందమని మేస్త్రీ అంటాడు. చూడ్డానికైతే అతను చెప్పిందే నిజం.