ఫజల్ మంజిల్ మీద ఏ పేరు?

పారిస్ పక్కన సురేన్ అనే ఊళ్లో ఫజల్ మంజిల్ అని ఓ పాత భవంతి ఉంది. పేరు వింటే మనకేం కొత్తగా ఉండదు. మన బస్తీల్లో ఎన్ని గడపల మీద 'మంజిల్' అని రాసుకోలేదు! 1922లో ఆ ఇంట్లోకి చేరిన హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసుడు. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఎదుట పాడాడు. అబూ హాషిం మదనీకి మురీదయిందీ హైదరాబాదులోనే. ఆయన పెద్ద కూతురు నూరున్నీసా. తల్లి అమెరికన్.

ఇప్పుడు ఆ ఇంటికి నూర్ జ్ఞాపకంగా ఒక ఫలకం ఉంది. ప్రతిఘటనోద్యమంలో ఆమె పేరు మాద్లెన్ అని దాని మీద చెక్కారు. ఏటా జులై 14న ఇంటి ముందు బ్యాండు వాయిస్తారు. ఊళ్లో ఒక కూడలికి కూడా ఆమె గుర్తుగా పేరు పెట్టారు. నూర్ అని కాదు, మాద్లెన్ అని!

మాద్లెన్ దాక్కోవడానికి పెట్టుకున్న పేరు. 1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య సంస్థ ఆమెను వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దింపింది. కొద్దిరోజులకే తోటివాళ్లంతా పట్టుబడ్డారు. వెనక్కి రమ్మన్నా రాలేదు. అక్టోబర్‌లో అరెస్టయ్యేదాకా సందేశాలు పంపుతూనే ఉంది. జైల్లో నెలల తరబడి సంకెళ్లేశారు. 1944 సెప్టెంబర్ 13న డాకౌ శిబిరంలో చంపేశారు. యుద్ధం అయిపోయింది. దాక్కోవాల్సిన పనీ అయిపోయింది. మరి మారుపేరు ఇంకా ఎందుకు?

ఇంగ్లీషువాళ్లది మరో తీరు. 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆమె దగ్గర దొరికిన రేడియోతో జర్మన్లు లండన్‌ను బోల్తా కొట్టించారు, లండన్ కళ్లు తెరవక మరికొందరు బలయ్యారు. ఆ సంగతి పతకం చెప్పదు. 2006లో వచ్చిన శ్రాబణీ బసు జీవితచరిత్ర విలువైన పరిశోధనే. కానీ పేరు చూడండి: 'స్పై ప్రిన్సెస్'. టిప్పూ వంశంలో పుట్టిందని ఆమెను రాకుమారిని చేశారు. టిప్పూ ఎవరి మీద పోరాడి చచ్చిపోయాడో ఆ కిరీటం కింద కనపడదు. భారత స్వాతంత్ర్యాన్ని తాను సమర్థిస్తానని ఇంగ్లీషు అధికారుల ముందే చెప్పిన మనిషి ఆమె.

మనవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. నూర్ వీణ వాయించింది. 1939లో బుద్ధుడి జాతక కథలు ఇరవై పిల్లల కోసం రాసి అచ్చేయించింది. ఇది చూసి మనలో కొందరు "ఈమె ఏం ముసల్మాను?" అంటారు. సెక్యులర్ మిత్రులు "ఆమె మతాలకు అతీతం" అని మెచ్చుకుంటారు. ఒకరు వెలేస్తారు, మరొకరు పొగుడుతూనే పేరు తుడిచేస్తారు. వీణా, జాతక కథలూ ఆమెకు ఫజల్ మంజిల్ బయట దొరకలేదు. ఆ సూఫీ ఇంట్లోనే పెరిగి నేర్చుకుంది.

మనల్ని దేశభక్తి రుజువు చూపమని అడిగేవాళ్లకు నూర్‌ను సర్టిఫికెట్‌గా చూపించొద్దు. ప్రాణమిచ్చిన మనిషిని పూచీకత్తు కాగితం చెయ్యడం కూడా అవమానమే. ఫలకం మీదైనా పుస్తకం మీదైనా ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరే ముందు రాయాలి: నూరున్నీసా ఇనాయత్ ఖాన్.