మూడోసారి ఎదురుపడినప్పుడు

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అనగానే అందరికీ మార్చి నెల గుర్తొస్తుంది. 68 జట్లు, ఒక్కసారి ఓడితే ఇంటికే. మూడు వారాల్లో ఛాంపియన్ ఎవరో తేలిపోతుంది. ఆ హడావిడి నాకూ ఇష్టమే. కానీ ఈ ఆటను నాకు దగ్గర చేసినవి జనవరి, ఫిబ్రవరి నెలలు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు జోరుగా సాగే కాలం అది. ఓటమి ఎరుగని జట్టు ఎంత గట్టిదో తెలిసేది ఆ రెండు నెలల్లోనే అని నా నమ్మకం.

కాన్ఫరెన్స్ అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి కట్టుకున్న కూటమి. బిగ్ టెన్ అనే కూటమి 1896లో మొదలైంది. అప్పటికి బాస్కెట్‌బాల్ పుట్టి అయిదేళ్లే. నవంబరు, డిసెంబరుల్లో జట్లు ఎక్కువగా బయటివాళ్లతో ఆడతాయి. కొత్త సంవత్సరం వచ్చేసరికి తమ కూటమిలోని జట్లతో తలపడడం మొదలవుతుంది. పాత పద్ధతిలో అయితే ప్రతి జట్టుతోనూ రెండేసి సార్లు ఆడాలి. ఒకటి మన కోర్టులో, ఒకటి వాళ్ల కోర్టులో.

బయటి జట్టుకు మీరు కొత్త. మీ వేగం చూసి తడబడుతుంది, మీ ఎత్తులు అర్థమయ్యేలోపు సగం ఆట అయిపోతుంది. కూటమిలోని జట్టుకు మీ దగ్గర కొత్త ఏముంటుంది? మీ సెంటర్ ఏ భుజం మీదుగా తిరిగి షాట్ వేస్తాడో వాళ్లకు నిరుటి నుంచే తెలుసు. మీ కోచ్ చేత్తో ఏ సైగ చేస్తే ఏ ఎత్తు వస్తుందో వాళ్ల బెంచీ మీద కూర్చున్నవాళ్లు ముందే అరిచి చెబుతారు. సంక్రాంతికి ఏటా పక్క ఊరి జట్టుతోనే కబడ్డీ ఆడేవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. పైగా ప్రత్యర్థి కోర్టులో విద్యార్థులు అంచు గీతకు ఆనుకుని నిలబడి రెండు గంటలు గొంతు చించుకుంటారు. డ్యూక్ విశ్వవిద్యాలయం ఆడే కామెరాన్ స్టేడియంలో పట్టేది 9,314 మందే. అంత చిన్న హాలు కాబట్టే అక్కడ గెలవడం అంత కష్టం.

పురుషుల ఆటలో ఒక్క ఓటమీ లేకుండా జాతీయ ఛాంపియన్ అయిన చివరి జట్టు 1976 నాటి ఇండియానా. 32 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచింది. ఆ ఏడు ఫైనల్లో వాళ్లకు ఎదురు నిలిచింది మిషిగన్. అదీ బిగ్ టెన్ జట్టే. ఒకే కాన్ఫరెన్స్‌కు చెందిన రెండు జట్లు జాతీయ ఫైనల్ ఆడడం అదే మొదలు. అంటే ఆ సీజన్లో వాళ్లు ఎదురుపడడం అది మూడోసారి. మొదటిసారి మిషిగన్ సొంత కోర్టులోనే ఇండియానా గెలిచింది. రెండోసారి, తన సొంత కోర్టులో, దాదాపు ఓడిపోయింది. ఆఖరి క్షణంలో కెంట్ బెన్సన్ గాల్లోకి లేచి బంతిని వేళ్లతో లోపలికి నెట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 72-67తో బయటపడ్డారు.

ఆ ఏడాదే ఇంకొక జట్టు కూడా ఓటమి లేకుండా ఫైనల్ ఫోర్‌కు, అంటే సెమీఫైనల్ దశకు, వచ్చింది. అది న్యూజెర్సీకి చెందిన రట్గర్స్. 31 విజయాలు. అప్పట్లో రట్గర్స్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు. సెమీఫైనల్లో మిషిగన్ వాళ్లను 86-70తో ఓడించింది. రెండు రోజుల తర్వాత ఫైనల్లో అదే మిషిగన్‌పై ఇండియానా 86-68తో గెలిచింది. స్కోర్లు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది అదృష్టం కాదు. మిషిగన్ పట్టు ఏమిటో ఇండియానా అప్పటికే రెండుసార్లు రుచి చూసింది. రట్గర్స్‌కు ఆ అవకాశమే రాలేదు.

ఆ ఫైనల్ మొదట్లోనే ఇండియానా ఆటగాడు బాబీ విల్కర్సన్ తలకు దెబ్బ తగిలి ఆస్పత్రికి వెళ్లాడు. సగం ఆటకు మిషిగన్ 35-29తో ముందుంది. రెండో సగంలో ఇండియానా 57 పాయింట్లు చేసింది. మొత్తం ఆటలో స్కాట్ మే 26, బెన్సన్ 25. అంత బాగా తెలిసిన ప్రత్యర్థి మీద అన్ని పాయింట్లు ఎలా వచ్చాయన్నదే అసలు విషయం. కోచ్ బాబ్ నైట్ నేర్పిన మోషన్ అఫెన్స్‌లో ముందుగా గీసిపెట్టిన ఎత్తులు దాదాపు ఉండవు. అయిదుగురూ ఆగకుండా కదులుతుంటారు. బంతి లేని ఆటగాడు తోటివాడి కోసం స్క్రీన్ పెడతాడు, అంటే వాణ్ణి కాపలా కాస్తున్న ప్రత్యర్థికి అడ్డంగా నిలబడతాడు. ప్రత్యర్థి వెంటపడి వస్తే ఆ తోటివాడు వంపు తిరిగి బుట్ట వైపు దూసుకుపోతాడు. ప్రత్యర్థి అడ్డదారిలో ముందుకు వస్తే అతను వెనక్కి జరిగి దూరం నుంచి షాట్ వేస్తాడు. నిర్ణయం ఆ క్షణంలో ఆటగాడిది. ముందే కంఠతా పట్టడానికి అందులో ఏమీ లేదు. నైట్ ప్రవర్తనను మాత్రం నేను సమర్థించలేను. 1985లో కోర్టులోకి కుర్చీ విసిరాడు, 2000లో విశ్వవిద్యాలయం అతన్ని తొలగించింది. కానీ తెలిసినవాళ్ల మీద పదేపదే గెలవాలంటే ఏం కావాలో అతనికి తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ. 1975, 1976 సీజన్లలో బిగ్ టెన్‌లో ఇండియానా ఆడిన 36 మ్యాచ్‌లూ గెలిచింది.

అప్పటి నుంచి నాలుగు పురుషుల జట్లు ఓటమి లేకుండా ఫైనల్ ఫోర్ చేరాయి. 1979లో ల్యారీ బర్డ్ ఆడిన ఇండియానా స్టేట్, 1991లో లాస్ వేగస్ జట్టు, 2015లో కెంటకీ, 2021లో గోంజాగా. నాలుగూ అక్కడే ఆగిపోయాయి. గోంజాగా కథ నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 31 విజయాలతో ఫైనల్‌కు వచ్చి బేలర్ చేతిలో 86-70తో ఓడింది. బేలర్ అజేయ జట్టేం కాదు, బిగ్ 12 కూటమిలో కాన్సస్ చేతిలో ఓడి వచ్చింది. గోంజాగా బయట గట్టి జట్లనే ఓడించింది, ఆ ఘనత తీసేయలేం. కానీ వాళ్ల కూటమిలో ప్రతి వారం ఒళ్లు హూనం చేసే ప్రత్యర్థులు లేరు. బిగ్ 12లో పది జట్లూ ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడే పద్ధతి 2012 నుంచి 2023 వరకు పన్నెండు సీజన్లు నడిచింది. ఆ పన్నెండింటిలో ఒక్క పురుషుల జట్టు కూడా కూటమిలో ఓడకుండా నిలవలేదు.

2015 కెంటకీ సంగతీ అంతే. డిసెంబరులో యూసీఎల్‌ఏ మీద సగం ఆటకే 41-7. ఆ జట్టును ఆపేవాళ్లు లేరనుకున్నారు. జనవరిలో కూటమి మ్యాచ్‌లు మొదలయ్యాయి. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కు వెళ్లాయి, రెండోది రెండు ఓవర్‌టైమ్‌లు.

అందుకే ఒకే సీజన్లో రెండు జట్లు రెండోసారి ఆడుతుంటే నేను బంతి వెంట చూపు తిప్పను. మొదటి మ్యాచ్‌లో ఎక్కువ పాయింట్లు చేసినవాణ్ణి ఈసారి ఎవరు కాస్తున్నారు, ఏ స్క్రీన్ మానేశారు, ఏ పాస్ కోసం కాచుకుని ఉన్నారు అన్నది చూస్తాను. అలా చూడడం అలవాటయ్యాక ఆట ఇంకో లోతు చూపిస్తుంది.

మహిళల ఆటలో ఈ లోతు ఈమధ్య ఇంకా బాగా కనిపించింది. 2023లో సౌత్ కరోలినా 36 విజయాల తర్వాత అయోవా చేతిలో 77-73తో ఓడింది. మరుసటి ఏడుకు, ఆట మొదలుపెట్టే అయిదుగురూ వెళ్లిపోయారు. కోచ్ డాన్ స్టేలీ కొత్త జట్టుతో 38కి 38 గెలిచింది. ఆ ఏడాది టెనెసీని రెండుసార్లు ఓడించాక కాన్ఫరెన్స్ టోర్నమెంట్ సెమీఫైనల్లో అదే జట్టు మూడోసారి ఎదురైంది. 23 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది. 1.1 సెకన్లు మిగిలి ఉండగా రెండు పాయింట్లు వెనక. బంతి కమిలా కార్డోసో చేతికి వచ్చింది. ఆరడుగుల ఏడంగుళాల సెంటర్, కాలేజీ జీవితంలో అప్పటిదాకా ఒక్క మూడు పాయింట్ల షాట్ కూడా పడనిది. దూరం నుంచి వేసింది. పడింది. 74-73. తనను కాచుకోవాల్సిన అవసరం అక్కడ ఉంటుందని టెనెసీ అనుకోలేదు.

ఇప్పుడు కూటములు బాగా పెరిగిపోయాయి. 2024లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగన్, వాషింగ్టన్ చేరడంతో బిగ్ టెన్‌లో 18 జట్లయ్యాయి. పురుషుల జట్టుకు కూటమి మ్యాచ్‌లు 20. అంటే మూడు జట్లతోనే రెండుసార్లు, మిగతా పద్నాలుగింటితో ఒక్కసారే. లాస్ ఏంజిలిస్ పిల్లలు న్యూజెర్సీ దాకా విమానంలో వెళ్లి ఆడి వస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ముఖాలు చూడరు. టీవీ డబ్బు కోసం జరిగిన ఈ మార్పు నాకు బాధ కలిగిస్తోంది. ఇండియానా, పర్డ్యూ ఇప్పటికీ ఏటా రెండుసార్లు ఆడుతున్నాయి. మిగతా పాత ప్రత్యర్థులకూ అదే హక్కు కావాలి. అందుకోసం బయటి మ్యాచ్‌లు రెండు మూడు తగ్గించుకున్నా నష్టం లేదు.