గొట్టం మీద గీసిన హద్దు

ఇద్దరు చూసుకోవాల్సిన పని ఎవరూ చూడని పనిగా మిగిలిపోవడం ప్రభుత్వ కార్యాలయాల్లో కొత్తేమీ కాదు. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి రాసిన నిబంధన ఒకటి అమెరికా సముద్ర పైపులైన్ల చట్టాల్లో ఉంది. దాని పనితనం చూడదగ్గది.

తీరానికి దూరంగా, ఫెడరల్ జలాల్లోని చమురు, గ్యాస్ లైన్లను అక్కడ రెండు శాఖలు పంచుకుని తనిఖీ చేస్తాయి. బావుల నుంచి తోడే కంపెనీలు నడిపే లైన్లు ఇంటీరియర్ శాఖవి. సరుకు మోసే కంపెనీలు నడిపేవి రవాణా శాఖవి. 1976 నాటి ఒప్పందం ఈ హద్దును సముద్రంలోని ప్లాట్‌ఫారం నుంచి గొట్టం బయటికి వెళ్లే ఫ్లాంజ్ అనే అతుకు దగ్గర పెట్టింది. దాంతో ఒకే కంపెనీ నడిపే లైను కూడా ఫ్లాంజ్ దాటగానే మరో శాఖ చేతికి వెళ్లేది. 1996 డిసెంబరులో కుదిరిన కొత్త ఒప్పందం ప్రశ్ననే మార్చేసింది. గొట్టం ఎక్కడుందని కాకుండా, దాన్ని ఎవరు నడుపుతున్నారని అడిగింది.

అసలు నేర్పు ఆ తర్వాత రాసిన నిబంధనలో కనిపిస్తుంది. బాధ్యత చేతులు మారే చోటును గొట్టం మీదే చెరిగిపోని గుర్తుతో చూపాలి. నీటి పైన ఉండి కూడా గుర్తు పెట్టడం కుదరకపోతే, ఆ చోటు చూపే నక్షా దగ్గర్లోనే ఉంచాలి. హద్దు నీటి అడుగున ఉంటే, చమురు వచ్చే వైపున్న అతి దగ్గరి ప్లాట్‌ఫారంలో నక్షా ఉండాలి, అడిగితే చూపాలి. తనిఖీకి వచ్చిన అధికారి ఫైళ్లు తిరగేయనక్కర్లేదు. హద్దు ఎక్కడో అక్కడే తెలుస్తుంది.

మరి రెండు కంపెనీలకూ హద్దు మీద మాట కలవకపోతే? దానికి 1998 సెప్టెంబరు 15 దాకా గడువిచ్చారు. అప్పటికీ తేలకపోతే రెండు శాఖల ప్రాంతీయ అధికారులు కలిసి తేల్చాలన్నారు. గట్టు తగాదా ముదరకముందే ఇద్దరు సర్వేయర్లు ఒకే గొలుసు పట్టుకుని కొలిచినట్టన్నమాట. ఒక మెట్టు తప్పితే ఇంకోటి ఉంది. ఏ గొట్టమూ దిక్కులేకుండా పోదు.

ఇంకో మెలిక చూడండి. తోడే కంపెనీ లైను మధ్యలో ఎవరికీ అప్పగించకుండా రాష్ట్ర జలాల్లోకి సాగితే, ఫెడరల్ జలాల్లోని చివరి ప్లాట్‌ఫారంలో చివరి వాల్వే హద్దు. కానీ వాల్వ్‌కు ఇవతలున్నా, అవతలి లైనును కాపాడే భద్రతా పరికరాలను రవాణా శాఖ వదులుకోలేదు. గీత గీసినవాళ్లకు ఆ గీత ఎక్కడ ప్రమాదమో కూడా తెలుసు.

ఆ తర్వాత కార్యాలయాలే మారిపోయాయి. 2004 చట్టంతో రవాణా శాఖలో ‘ఫిమ్సా’ అనే పైపులైన్ల భద్రతా సంస్థ పుట్టింది. 2010 డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్ ప్రమాదం తర్వాత ఇంటీరియర్ శాఖలో పాత సంస్థ రద్దయి, 2011లో ‘బెస్సీ’ అనే కొత్త సంస్థ వచ్చింది. హద్దు మాత్రం చెక్కుచెదరలేదు.

అలాగని అంతా సవ్యంగా ఉందనుకోకూడదు. 1960ల నుంచి వాడకం ఆపేసిన గొట్టాల్లో 97 శాతానికి పైగా మెక్సికో సింధుశాఖ అడుగునే వదిలేయనిచ్చారని అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2021లో తప్పుపట్టింది. ఎవరు చూడాలో నిబంధన చెప్పగలదు. శ్రద్ధగా చూసేలా చేయడం మాత్రం దాని వల్ల కాదు. అయినా నిలదీయాల్సి వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టాలో తెలుస్తోందంటే, అది ఈ గీత పుణ్యమే.